టెక్ సందేహాలు: క్యాలెండర్‌కు తెలియని పండుగ

ప్రశ్న: ఆగస్టు 13న టోక్యో నుంచి క్యోటో వెళ్లాలి. గూగుల్ క్యాలెండర్‌లో జపాన్ సెలవులు కలిపితే ఆ నెలలో 11వ తేదీ ఒక్కటే కనిపించింది. టికెట్లు అక్కడికి వెళ్లాక కొనుక్కోవచ్చా?

జవాబు: వద్దు, ముందే కొనండి. క్యాలెండర్ తప్పు చూపలేదు. 11న పర్వత దినం, అది ప్రభుత్వ సెలవు. 13 నుంచి 16 దాకా వచ్చే ఒబోన్ మాత్రం చట్టంలోని సెలవుల జాబితాలోనే లేదు. పోయిన పెద్దలు ఇంటికొస్తారని నమ్మే రోజులవి. చాలా ఆఫీసులు మూతపడతాయి, జనమంతా సొంతూళ్ల బాట పడతారు. 16 రాత్రి క్యోటో చుట్టూ కొండల మీద మంటలు వెలిగించి పెద్దల్ని సాగనంపుతారు కాబట్టి అక్కడ హోటల్ గదులకూ గిరాకీ ఎక్కువే. కొత్త సంవత్సరమూ ఇంతే: జాబితాలో జనవరి 1 ఒక్కటే, ప్రభుత్వ కార్యాలయాలు మాత్రం డిసెంబరు 29 నుంచి జనవరి 3 దాకా తెరవరు. ఈ రెండింటినీ ఏటా రిపీట్ అయ్యేలా మీరే క్యాలెండర్‌లో రాసుకోండి.

ఇక టికెట్లు. షింకాన్‌సెన్ (జపాన్ బుల్లెట్ రైలు) రిజర్వేషన్ సరిగ్గా నెల ముందు, అంటే మీకు జులై 13న, జపాన్ టైమ్ ఉదయం 10కి మొదలవుతుంది. మన టైమ్‌లో 6:30. చాలామంది బోల్తా పడేది ఇక్కడే. ఇండియా టైమ్‌లో ఉన్న ఫోన్‌లో 10 గంటలకని రిమైండర్ పెడితే అది మోగేసరికి అక్కడ మధ్యాహ్నం 1:30. ఈవెంట్ రాసేటప్పుడు టైమ్ కింద ఉండే టైమ్ జోన్ నొక్కి టోక్యో ఎంచుకోండి. తర్వాత 10 అని కొడితే ఫోన్ తనంతట తనే 6:30కి లేపుతుంది.

వాటిలో అన్నిటికన్నా వేగంగా వెళ్లే నొజోమి రైల్లో ఒబోన్ రద్దీ రోజుల్లో అన్నీ రిజర్వుడ్ బోగీలే. సీటు దొరక్కపోతే హికారి, కొదామా రైళ్లలో అన్‌రిజర్వుడ్ బోగీలుంటాయి. కొదామా ప్రతి స్టేషన్‌లోనూ ఆగుతుంది, పిల్లలతో అయితే నేను చెప్పను. సూట్‌కేసు పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 160 సెంటీమీటర్లు దాటితే సామాను చోటున్న సీటే బుక్ చేయాలి.

ప్రశ్న: జపాన్‌లో మ్యూజియాలకు సోమవారం సెలవంటారు. అక్టోబరు 12, 2026 సోమవారమే. ప్లాన్‌లోంచి తీసేయాలా?

జవాబు: ఆ రోజు క్రీడా దినం, ప్రభుత్వ సెలవు. సోమవారం ఇలా సెలవు పడితే చాలా మ్యూజియాలు తెరిచి, మర్నాడు మంగళవారం మూస్తాయి. కాబట్టి ఖాళీ ఉంచాల్సింది 13. మ్యాప్స్‌లో వేళలు చూసి సరిపెట్టుకోకండి. పండుగ రోజు వేళలు మారొచ్చని అదే హెచ్చరిస్తుంటుంది. మ్యూజియం సొంత సైట్‌లో ఆ నెల క్యాలెండర్ తెరిచి చూడండి.