అడవిలో రెండు రాత్రులు గడిపి బతికొచ్చిన పిల్లల మీదే కేసా?

ప్రశ్న: మాది ఖమ్మం. మా అబ్బాయికి 16 ఏళ్లు, ఇంటర్ రెండో సంవత్సరం. ఇన్‌స్టాగ్రామ్‌లో ప్రకటన చూసి, ఇద్దరు స్నేహితులతో కలిసి తలా 1,800 రూపాయలు కట్టి, జులైలో ములుగు జిల్లా అడవుల్లోని ఒక జలపాతానికి ట్రెక్కింగ్‌కు వెళ్లాడు. ముగ్గురూ మైనర్లే. వాన పట్టుకోవడంతో నిర్వాహకులు ముందున్నవాళ్లను తీసుకుని కిందికి దిగిపోయారు. వీళ్లు వెనకబడ్డారు, మధ్యలో వాగు పొంగింది. మర్నాడు సాయంత్రం దాకా మాకెవరికీ ఫోన్ చేయలేదు. పిల్లలు రెండు రాత్రులు అడవిలోనే ఉన్నారు. అటవీ శాఖ బేస్ క్యాంపు గది తాళం పగలగొట్టి, మంట వేసుకుని, అక్కడున్న బియ్యం వండుకు తిన్నారు. మావాడు రాళ్ల మీద జారిపడితే కాలు విరిగింది. మూడో రోజు పశువులు కాసుకుంటున్న గుత్తికోయ పెద్దాయన ఒకాయన చూసి ఊరికి చేర్చాడు. ఇప్పుడు నిర్వాహకుడు 'మీవాడే 18 నిండాయని టిక్ పెట్టాడు, ఏం జరిగినా మాకు సంబంధం లేదని సంతకం చేశాడు' అంటున్నాడు. పోలీసులేమో 'ప్రాణాలతో వచ్చాడుగా, ఇంకేం కేసమ్మా' అన్నారు. పైగా అటవీ శాఖ పిల్లల మీదే కేసు రాసి, రేంజ్ ఆఫీసుకు రమ్మని నోటీసు ఇచ్చింది. వాడు ఎన్‌డీఏ (నేషనల్ డిఫెన్స్ అకాడమీ) పరీక్షకు చదువుతున్నాడు. మేమేం చేయాలి? – ఒక తల్లి

జవాబు: అమ్మా, మీ ప్రశ్నకు చివరి నుంచి మొదలుపెడతాను. గడువు తారీఖు ఉన్నది రేంజ్ ఆఫీసు నోటీసుకే. పైగా అక్కడ మీరు పెట్టే ఒక్క సంతకం నిర్వాహకుడి మీద వేయాల్సిన మిగతా రెండు కేసుల్నీ (వినియోగదారుల కమిషన్, పోలీసు) మీకు తెలియకుండానే తేల్చేయగలదు.

ఇలాంటి వాటిల్లో చాలాసార్లు జరిగేది చెప్తాను. వాంగ్మూలం ముందే రాసి ఉంటుంది. 'మేము మా ఇష్టంతోనే, అనుమతి లేకుండా అభయారణ్యంలోకి వెళ్లాము, తప్పయింది, రాజీ రుసుము కడతాము' అని. కట్టేస్తే పీడ విరగడవుతుందని తల్లిదండ్రులు సంతకం పెట్టి వచ్చేస్తారు. తర్వాత వినియోగదారుల కమిషన్‌లో నిర్వాహకుడి లాయరు సంచిలోంచి మొట్టమొదట తీసే కాగితం అదే. 'చూడండి, వీళ్లే వెళ్లామని వీళ్లే ఒప్పుకున్నారు' అంటాడు.

రాజీ చేసుకోవడం తప్పేమీ కాదు. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లోని సెక్షన్ 54 దానికి దారి ఇచ్చింది. డిప్యూటీ కన్జర్వేటర్ స్థాయికి తగ్గని అధికారి ఆ పని చేయగలరు. రుసుము కడితే కేసు అక్కడితో ఆగుతుంది, అది శిక్ష పడినట్టు కాదు. కాకపోతే వాంగ్మూలంలో జరిగింది జరిగినట్టు ఉండాలి. ఎవరు తీసుకెళ్లారు, ఎంత తీసుకున్నారు, 'పర్మిషన్ ఉంది' అని ఎవరు చెప్పారు, ఎక్కడ వదిలేశారు – ఇవన్నీ అందులోకి రావాలి. రాయకపోతే మీరే ఒక కాగితం మీద రాసి ఇచ్చి, నకలు మీద అందినట్టు ముద్ర వేయించుకోండి. పిల్లాణ్ని ఒంటరిగా పంపకండి. అసిస్టెంట్ కన్జర్వేటర్ స్థాయికి తగ్గని అధికారి అదే చట్టం సెక్షన్ 50 కింద నమోదు చేసే సాక్ష్యం తర్వాత కోర్టులో చెల్లుతుంది కాబట్టి అదేదో మాటామంతీ అనుకోకండి.

నోటీసులో ఏ సెక్షన్లు వేశారో కూడా చూడండి. అభయారణ్యంలోకి అనుమతి లేకుండా వెళ్లడం సెక్షన్ 27 కిందికి వస్తుంది. దానికి గరిష్ఠంగా మూడేళ్ల జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. అదే పులుల అభయారణ్యం కోర్ ఏరియా అయితే కనీసం మూడేళ్ల శిక్ష ఉంది, అప్పుడు రాజీకి వీలుండదు. అభయారణ్యం కాకుండా మామూలు రిజర్వ్ ఫారెస్ట్ అయితే వర్తించేది రాష్ట్ర అటవీ చట్టం. సరిహద్దు ఏదో తెలియకుండా రాజీ మాట ఎత్తకండి.

ఇక మంట, తాళం, బియ్యం. అభయారణ్యంలో నిప్పు రాజేయడం గురించి సెక్షన్ 30 చెప్పేది, అడవికి ప్రమాదం తెచ్చే రీతిలో రాజేయకూడదని. జులై వానల్లో, గది దగ్గర అన్నం వండుకోవడానికి వేసిన పొయ్యి ఆ కిందికి రావడం కష్టం. తాళం పగలగొట్టడానికి భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 19 మీకు అండగా ఉంది. నేరబుద్ధి లేకుండా, అంతకంటే పెద్ద హాని తప్పించడానికి సద్బుద్ధితో చేసిన పని నేరం కాదని దాని సారం. మంటలు పాకకుండా పక్క ఇళ్లు కూలగొట్టడాన్ని చట్టమే ఉదాహరణగా ఇచ్చింది. అవసరం పేరు చెప్పి అన్నీ మాఫీ కావు, నిజమే. 1884లో ఇంగ్లండ్‌లో, ఓడ మునిగి పడవలో మిగిలిన నావికులు ఆకలికి తాళలేక 17 ఏళ్ల కుర్రాణ్ని చంపి తిన్న కేసులో కోర్టు వాళ్లను హంతకులనే తేల్చింది. అదీ అవసరానికి గీసిన హద్దు. రెండు డబ్బాల బియ్యం ఆ గీతకు కోసెడు దూరంలో ఉంటాయి. నా సలహా ఏమిటంటే, తాళానికీ బియ్యానికీ అయిన ఖర్చు ఇస్తామని మీరే లిఖితపూర్వకంగా చెప్పండి. 'ప్రాణాపాయంలో వాడుకున్నందుకు' అన్న మాట అందులో ఉండేలా చూసుకుంటే అది నేరం ఒప్పుకున్నట్టు అవదు. అడవిలో కాపలా కాసే ఆ సిబ్బంది తిండి కదా అది, ఇవ్వడం మర్యాద కూడా.

కేసు నడిచినా అది మామూలు కోర్టుకు వెళ్లదు. 18 నిండనివాళ్లు కాబట్టి జువైనల్ జస్టిస్ బోర్డు ముందుకే వెళ్లాలి. మూడేళ్లకు మించని శిక్ష ఉన్నవి 2015 నాటి జువైనల్ జస్టిస్ చట్టం లెక్కలో చిన్న నేరాలు. బోర్డు ఏదైనా తేల్చినా, దాని వల్ల ఉద్యోగానికో చదువుకో అనర్హత రాదని సెక్షన్ 24 చెబుతోంది. కేంద్ర బలగాల్లో ఉద్యోగం విషయంలో 2019లో సుప్రీంకోర్టు కూడా ఈ సూత్రాన్నే నిలబెట్టింది. ఎన్‌డీఏ గురించి మీ దిగులు నాకు అర్థమైంది. నిజం చెప్పాలంటే అక్కడ అడ్డొస్తే వచ్చేది ఈ కేసు కాదు, విరిగిన కాలు. ఎముకల డాక్టరు మాట తప్పకుండా వినమనండి.

ఇప్పుడు నిర్వాహకుడి సంగతి. ఆ సంతకం గురించి మీరు నిద్ర చెడగొట్టుకోనక్కర్లేదు. మైనరుతో చేసుకున్న ఒప్పందం మొదటి నుంచీ చెల్లదని 1903లోనే, అప్పట్లో మనకు ఆఖరి అప్పీలు కోర్టైన ప్రీవీ కౌన్సిల్ తేల్చింది. కాంట్రాక్టు చట్టం సెక్షన్ 11 మాట అదే. 18 అని టిక్ పెట్టాడు కదా అంటారు. పెట్టినా, మైనరు వయసు దాచాడన్న సాకుతో అతణ్ని ఆ ఒప్పందానికి కట్టెయ్యలేరు. ఇంకో విషయం గమనించండి. ఇలాంటి బృందాలు ముందే ఆధార్ ఫొటో వాట్సాప్‌లో తెప్పించుకుంటాయి. మీవాడు కూడా పంపి ఉంటే, పుట్టినతేదీ ఆయన ఫోన్‌లోనే ఉన్నట్టు. వెతకండి, ఇది పెద్ద ఆధారం. పోనీ సంతకం మీరే చేసి ఉన్నా, వాన, జారుడు, అలసట లాంటి సహజమైన ప్రమాదాలను ఒప్పుకున్నట్టే తప్ప, తీసుకెళ్లినవాడు పిల్లల్ని వదిలేసి వెళ్లడానికి ఒప్పుకున్నట్టు కాదు.

మీ కేసులో నన్ను అన్నిటికంటే కలవరపెట్టింది వాగు కాదు, తాళమూ కాదు. మర్నాడు సాయంత్రం దాకా సాగిన ఆ మౌనం. కొండ దిగగానే తలలు లెక్కపెట్టుకోవడం ఈ పనిలో ఓనమాలు. ముగ్గురు తక్కువయ్యారని తెలిసీ 112కు గానీ, అటవీ సిబ్బందికి గానీ, మీకు గానీ ఫోన్ చేయలేదు. ఎందుకంటే అనుమతి లేని సంగతి బయటపడుతుంది మరి. ఆ ఫోన్ మొదటి రోజే వెళ్లి ఉంటే రెండో రాత్రి ఉండేది కాదేమో. మీవాడు ఎప్పుడు జారిపడ్డాడో జాగ్రత్తగా అడిగి రాసుకోండి. రెండో రోజు అయితే, విరిగిన కాలికీ ఆ మౌనానికీ ముడి నేరుగా పడుతుంది.

'వరద దైవాధీనం, మేమేం చేస్తాం' అనే వాదన తప్పక వస్తుంది. 2023 జులైలో ఇదే జిల్లాలో, వీరభద్రవరం దగ్గరి ముత్యంధార జలపాతానికి వెళ్లిన దాదాపు 80 మంది వాగు పొంగి రాత్రంతా అడవిలో చిక్కుకుపోతే ఎన్‌డీఆర్‌ఎఫ్ వెళ్లి తీసుకొచ్చింది. రాష్ట్రమంతా టీవీల్లో చూసింది. ఆ తర్వాత కూడా జులైలో అదే జిల్లా అడవికి డబ్బులు తీసుకుని పిల్లల్ని తీసుకెళ్లేవాడు వాగు పొంగుతుందని ఊహించలేదంటే ఎవరు నమ్ముతారు?

పిల్లల్ని తీసుకెళ్లినవారి బాధ్యత గురించి కోర్టులు తేటగానే మాట్లాడాయి. 1995లో పంజాబ్‌లోని ఒక పాఠశాల నుంచి పిక్నిక్‌కు వెళ్లిన 14 మంది విద్యార్థులు బియాస్ నదిలో మునిగిపోతే, ఒక్కో కుటుంబానికి 5 లక్షలు పాఠశాల యాజమాన్యమే చెల్లించాలన్న తీర్పును 2001లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. మన హైదరాబాద్ ఇంజినీరింగ్ విద్యార్థులు 24 మంది 2014 జూన్‌లో అదే బియాస్‌లో కొట్టుకుపోయారు, మర్చిపోగలమా. లార్జీ ప్రాజెక్టు నీళ్లు వదిలిన కేసు అది. హిమాచల్ హైకోర్టు 2016లో ఒక్కో కుటుంబానికి 20 లక్షలు ఇమ్మని, ఆ భారాన్ని విద్యుత్ బోర్డు, కాలేజీ, రాష్ట్ర ప్రభుత్వాల మధ్య పంచింది. నీళ్లు వదిలింది వేరేవాళ్లైనా కాలేజీ తప్పించుకోలేదు.

అవి ప్రాణాలు పోయిన కేసులు కదా అని మీకు అనిపించవచ్చు. బతికినవాళ్లదీ ఉంది. బెంగళూరు పాఠశాల నుంచి 2006లో ఉత్తర భారత యాత్రకు వెళ్లిన 14 ఏళ్ల అమ్మాయికి మెదడు జ్వరం సోకింది. వెంట ఉన్న ఉపాధ్యాయులు సమయానికి వైద్యం అందించలేదు, ఆ అమ్మాయి మంచానికే పరిమితమైంది. రాష్ట్ర కమిషన్ ఇచ్చిన 88 లక్షల పైచిలుకు పరిహారాన్ని జాతీయ కమిషన్ 50 లక్షలకు తగ్గిస్తే, సుప్రీంకోర్టు 2021లో మళ్లీ పాత మొత్తానికే తెచ్చింది. అలాగని మీరూ అరకోటి అడగకండి. ఆమెది జీవితాంతం తీరని నష్టం. మీరు ఆసుపత్రి బిల్లులు, ఫిజియోథెరపీ, మీరు పని మానుకున్న రోజుల సంపాదన, మనోవేదన – కాగితం చూపించగలిగినంత అడగండి. గాల్లో అంకె వేస్తే నిజమైన నష్టం కూడా అనుమానంగానే కనిపిస్తుంది.

దాఖలు చేయాల్సింది ఖమ్మం జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే. 2019 చట్టం ప్రకారం ఫిర్యాదుదారు నివసించే చోట వేయవచ్చు. పరిధిని నిర్ణయించేది మీరు కట్టిన 1,800 రూపాయలు, అడిగే పరిహారం కాదు. అందుకే కోర్టు ఫీజు కూడా లేదు. గడువు రెండేళ్లు. ఒక చిన్న కిటుకు చెప్తాను. 'ఆ ఒప్పందం అన్యాయమైనది, రద్దు చేయండి' అని ప్రత్యేకంగా కోరితే అది రాష్ట్ర కమిషన్ పరిధిలోకి పోతుంది, ఆలస్యమవుతుంది. సేవాలోపం అన్నంతవరకే అడగండి. మైనరు సంతకం దానంతటదే పక్కకు పోతుంది.

పోలీసుల మాటకు వస్తే, 'బతికొచ్చాడుగా' అన్నది చట్టంలో లేని మినహాయింపు. ఇతరుల ప్రాణానికి, భద్రతకు ముప్పు తెచ్చేంత నిర్లక్ష్యం న్యాయ సంహిత సెక్షన్ 125 కింద దెబ్బ తగలకపోయినా నేరమే. ఎముక విరిగితే అది తీవ్రమైన గాయం, మూడేళ్ల దాకా శిక్ష ఉంది. పిల్లల బాధ్యత తీసుకుని కావాలని నిర్లక్ష్యం చేసినందుకు జువైనల్ జస్టిస్ చట్టం సెక్షన్ 75 కూడా రాయండి. 'కావాలని' అన్నది రుజువు చేయడం కష్టమే, కానీ ఫోన్ చేయకపోవడం అందుకు దగ్గరగా వస్తుంది. సంఘటన ములుగులో జరిగిందని ఖమ్మం స్టేషన్ మిమ్మల్ని వెనక్కి పంపకూడదు, జీరో ఎఫ్‌ఐఆర్ రాసి అక్కడికి పంపాలి. తీసుకోకపోతే పోలీసు ఉన్నతాధికారికి స్పీడ్ పోస్టు, అదీ కాకపోతే మేజిస్ట్రేటు. మూడు నుంచి ఏడేళ్ల లోపు శిక్ష ఉన్న నేరాల్లో 14 రోజుల ప్రాథమిక విచారణకు కొత్త చట్టం వీలిచ్చింది కాబట్టి ఎఫ్‌ఐఆర్ ఆ రోజే చేతికి రాకపోతే కంగారు పడకండి.

వాట్సాప్ గ్రూపులోంచి బయటికి రాకండి. అడ్మిన్ చెరిపేసేలోపు మొత్తం చాట్ ఎక్స్‌పోర్ట్ చేసి, ఇన్‌స్టాగ్రామ్ ప్రకటన స్క్రీన్‌షాట్లు, యూపీఐ రసీదుతో కలిపి దాచండి. అవి ఉన్న ఫోన్ మార్చకండి. కోర్టులో వేసేటప్పుడు, ఇలాంటి డిజిటల్ ఆధారాలను ధ్రువీకరించే భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 సర్టిఫికెట్ జత చేయాలి. ఆ గుత్తికోయ పెద్దాయనను కోర్టుల చుట్టూ తిప్పాల్సిన పని లేదు. కమిషన్‌లో ప్రమాణపత్రం సరిపోతుంది. ఆయనకు చదివి వినిపించి, అర్థమయ్యే భాషలో చెప్పించి తీసుకోండి. మిగతా ఇద్దరి తల్లిదండ్రులనూ కలుపుకోండి. వాళ్లలో ఒకరు రేంజ్ ఆఫీసులో 'మా ఇష్టంతోనే వెళ్లాం' అని సంతకం పెట్టేసినా మీ కేసుకు చిక్కే.

పిల్లల్ని ఊరికి తెచ్చేటప్పుడు తీసిన వీడియోలు ముఖాలతో సహా తిరుగుతుంటే, అలా బయటపెట్టడం జువైనల్ జస్టిస్ చట్టం సెక్షన్ 74 ప్రకారం నేరం. పెట్టినవారికి తీసేయమని రాతపూర్వకంగా చెప్పండి. నోటీసు తారీఖుకు కట్టుతో ఉన్న పిల్లాణ్ని తీసుకెళ్లలేరు కాబట్టి, డాక్టరు సర్టిఫికెట్ జతచేసి వాయిదా కోరుతూ రేపే స్పీడ్ పోస్టు చేయండి.