తసమదీయులను దిద్దవచ్చా?

సందేహం: మా అమ్మాయి డిగ్రీ చదువుతోంది. కాలేజీ పత్రికకు 'మాయాబజార్' సినిమా మీద 'తెర వెనక: దాగిన విశేషాలు' అని ఒక వ్యాసం రాసింది. అందులో 'అసమదీయులు, తసమదీయులు' అన్న మాటలను దిద్దినవారు ఎర్ర సిరాతో కొట్టేసి 'అస్మదీయులు, తస్మదీయులు' అని రాశారు. 'వెనక'ను 'వెనుక' చేశారు. 'దాగిన' పక్కన ప్రశ్నార్థకం పెట్టారు. అమ్మాయి రెండు రోజుల నుంచి సరిగ్గా తినడం లేదు. ఏది ఒప్పో చెప్పగలరు. (ఒక తల్లి, హనుమకొండ)

సమాధానం: అమ్మా, ముందు అమ్మాయిని బువ్వ తినమనండి. నా లెక్కలో తప్పు ఆమెది కాదు.

'వెనక' సంగతి ఒక్క ముక్కలో తేలిపోతుంది. వెనుక, వెనక రెండూ రాతలో ఉన్నవే. మాట నడిమి అచ్చు అటూ ఇటూ జారడం తెలుగులో మామూలు. మన పల్లెల్లో 'ఎనుక' అనేవాళ్ళూ ఉన్నారు. అది మాట్లాడేటప్పటి రూపం, వ్యాసం పేరులో వద్దనుకుంటే సరే. ఎర్ర సిరా ఇక్కడ దండగ.

అసలు ముచ్చట తసమదీయులది. సంస్కృతంలో 'అస్మద్' అంటే మేము, మనం. దానికి 'ఈయ' చేరితే అస్మదీయం, అంటే మాది, మనది. 'యుష్మద్' నుంచి యుష్మదీయం, మీది. 'తద్' నుంచి తదీయం, అంటే అతనిది, దానిది. మరి 'తస్మదీయం' ఎక్కడిది? ఎక్కడిదీ కాదు. సంస్కృతంలో అలాంటి మాట లేదు. 'తస్మాత్' అని ఉంది కాని దాని అర్థం 'అందువల్ల'. అంటే దిద్దినవారు తప్పును ఒప్పు చేయలేదు. ఒక లేని మాటకు సంస్కృతం ముసుగు వేశారు.

అది పుట్టిన చోటు చూడండి. సినిమాలో గురువు చిన్నమయ అసుర శిష్యులకు మాటలు నేర్పుతుంటాడు. వాళ్ళకు జంట అక్షరాలు నోరు తిరగవు. దుష్ట చతుష్టయం 'దుసట చతుసటయం' అవుతుంది, అస్మదీయులు 'అసమదీయులు' అవుతుంది. మనవాళ్ళు అసమదీయులైతే పగవాళ్ళు ఎవరు? ఆ పోలిక మీదే 'తసమదీయులు' పుట్టింది. గురువు ఆక్షేపిస్తే ఘటోత్కచుడు అడ్డుపడతాడు. ఎవరూ పుట్టించకపోతే మాటలెలా పుడతాయని అడిగి, పుట్టించినవాడికి వీరతాడు వేయమంటాడు. కాబట్టి ముందు పుట్టింది తసమదీయులే. 'తస్మదీయులు' తర్వాత ఎవరో దాన్ని శుద్ధి చేయబోతే వచ్చింది. ఈ రోజుల్లో పత్రికలు టెండర్ల వార్తల్లోనూ టిక్కెట్ల వార్తల్లోనూ ఆ శుద్ధి చేసిన రూపాన్ని ధారాళంగా వాడుతున్నాయి. వాడుకలోకి వచ్చాక దాన్ని తప్పనను. ఆ సినిమా గురించి రాసే వ్యాసంలో మాత్రం దిద్దకూడదు. దిద్దితే నవ్వు పోతుంది, నవ్వుతో పాటు సన్నివేశమూ పోతుంది.

ఇలాంటి శుద్ధి మీకు కొత్త కాదు, మీ ఊరిపేరులోనే ఉంది. కాకతీయుల శాసనాల్లో అది అనుమకొండ. వేయిస్తంభాల గుడిలోని 1163 నాటి రుద్రదేవుడి శాసనం ఆ పేరుతోనే పిలుస్తుంది. తర్వాత ఎప్పుడో 'అనుమ' ముందు 'హ' వచ్చి కూర్చుంది. హనుమంతుడు గుర్తొచ్చి ఉంటాడని నా ఊహ. 2021లో జిల్లా పేరు కూడా హనుమకొండ అయింది. ఇప్పుడు అనుమకొండ అని రాస్తే ఎర్ర సిరా పడుతుంది!

అసురుల ఉచ్చారణకు నవ్వుతాం కాని, వాళ్ళు చేసింది మన నోరు రోజూ చేసేదే. రెండు హల్లుల మధ్య ఒక అచ్చును దూర్చి పలకడాన్ని స్వరభక్తి అంటారు. రత్నం రతనం అయింది, యత్నం జతనం అయింది, శ్రీ సిరి అయింది. మన దగ్గర ఉర్దూ నుంచి వచ్చినవి ఇంకా చిత్రం. అసలు మాటలు హుక్మ్, జుల్మ్, ఖత్మ్, గర్మ్, ఫిక్ర్. మనం హుకుం, జులుం, ఖతం, గరం, ఫికర్ అంటాం. వీటిలో కొన్నింటిని ఉర్దూ మాట్లాడేవాళ్ళే నోటిమాటలో ముందుగా అలా విడదీశారు, మనకు తయారు సరుకు దొరికింది. సినిమాకు మనం పెట్టుకున్న 'ఫిలిం' అన్న పేరు చూడండి, ఇంగ్లీషులో ఆ 'లి'లోని ఇకారం లేదు. ఫికర్ చేయకు అనే నోటికి అసమదీయులు అనేవాణ్ణి చూసి నవ్వే హక్కు ఎంతుందో ఆలోచించండి.

ఆ మాటలు రాసిన పింగళి నాగేంద్రరావుకు సంస్కృతం రాక ఇలా రాశారని మాత్రం అనుకోవద్దు. అదే సినిమాలో ఇష్టమైనవాళ్ళను చూపించే పెట్టెకు 'ప్రియదర్శిని' అని, ఎక్కినవాడి చేత నిజం చెప్పించే పీటకు 'సత్యపీఠం' అని పేర్లు పెట్టారు. వాటిలో వ్యాకరణం ఎక్కడా తడబడదు. అంత చక్కగా సమాసం కట్టగలిగినవాడు అసురుడి నోట తప్పు పలికించాడంటే, ఆ తప్పు కొలిచి వేసిందన్న మాట.

అమ్మాయి వ్యాసంలో 'గింబళి' ప్రస్తావన ఉందో లేదో మీరు రాయలేదు. లేకపోతే చేర్చమనండి. తెలుగులో ఏ మాటకైనా మొదటి అక్షరం తీసి 'గి' పెడితే జంటమాట తయారవుతుంది: బువ్వ గివ్వ, పని గిని, పెండ్లి గిండ్లి. మొదటి అక్షరం దీర్ఘమైతే 'గీ' వస్తుంది: పాలు గీలు, చాయ్ గీయ్. ఆ రెండో ముక్కకు సొంత అర్థం ఉండదు, 'అలాంటివి' అని సూచిస్తుందంతే. పింగళి ఆ ఉత్త నీడకు ఒళ్ళు ఇచ్చారు. కంబళికి జోడీగా గింబళి, తల్పానికి జోడీగా గిల్పం. మాయ విడిదిలో లక్ష్మణకుమారుడి తరఫువాళ్ళను ఆటపట్టించే వస్తువులు అవి. వ్యాకరణాన్నే ఇలా వస్తువుగా చేసి సెట్‌లో పెట్టిన రచయిత మరొకరు నాకు కనబడలేదు. (ఈ ఆట 'గి'తో మొదలయ్యే మాటలకు చెల్లదు. గిన్నె గిన్నె అంటే రెండు గిన్నెలే వస్తాయి!)

ఇక 'దాగిన' పక్కన ప్రశ్నార్థకం. ఇక్కడ మాత్రం దిద్దినవారికి సగం మార్కులు ఇస్తాను. దాగు అంటే తనంతట తాను దాగడం, దాచు అంటే మరొకరు దాచడం. కాగు కాచు, వేగు వేచు, తూగు తూచు ఈ కోవలోవే. పాలు కాగుతాయి, మనం కాస్తాం. అలాగే పాండవుల ఇంటి పెళ్ళి కథ అయినా ఆ సినిమాలో పాండవులు అయిదుగురూ తెర మీద కనబడరు. అది ఎవరూ దాచింది కాదు, మన కళ్ళ ముందే ఉండి తప్పించుకుంది, కాబట్టి దాగిన విశేషం. లడ్డూలు వాటంతటవే ఘటోత్కచుడి నోట్లోకి ఎగిరి వెళ్ళడం అలాంటిది కాదు. అక్కడ కెమెరా పట్టిన మార్కస్ బార్ట్లే, ఆయనతో పనిచేసినవాళ్ళు కిటుకు మన కంట పడకుండా చేశారు. అది దాచిన విశేషం. మన దగ్గరైతే 'దాపెట్టిన' అంటాం. వ్యాసంలో రెండు రకాలూ ఉంటే ఏ ఒక్క మాటా సరిపోదు.

అందుకే పేరు 'మాయాబజార్: తెర వెనక ముచ్చట్లు' అని మార్చుకోమనండి. కోస్తావారికి ముచ్చట అంటే ముందు సరదా, కోరిక గుర్తొస్తాయి. మనకు ముచ్చట అంటే మాట, సంగతి. ఆ పేరులో దాగినవీ దాచినవీ రెండూ ఇముడుతాయి. తసమదీయులు మాత్రం ఉన్నచోటే ఉండాలి, కొట్టేసిన గీత మీద మళ్ళీ రాయమనండి.