నొక్కితే ఉలుకూ లేదు, పలుకూ లేదు

ప్రశ్న (తెనాలి నుంచి ఒక పాఠకురాలు): మావారి షాపు లెక్కలన్నీ ఇంట్లో డెస్క్‌టాప్‌లోనే చూస్తాను. కొని ఆరేళ్లయింది. మొన్న గాలివానకి రాత్రంతా కరెంటు పోతూ వస్తూ ఉంది. పొద్దున బటన్ నొక్కితే లైటు వెలగలేదు, ఫ్యాను తిరగలేదు. రిపేరు షాపుకి ఫోన్ చేస్తే "మదర్‌బోర్డు పోయుంటుంది, కొత్తది వెయ్యాలి" అన్నారు. చూడకుండానే అలా చెప్పొచ్చా అండీ?

జవాబు: చెప్పకూడదు. గోడ ప్లగ్గు నుంచి మదర్‌బోర్డు దాకా కరెంటు నాలుగైదు మజిలీలు దాటి రావాలి. ఎక్కడ ఆగినా మీకు బయటికి కనిపించేది ఇదే. వాటిలో మదర్‌బోర్డు చివరిది, ఖరీదైనది కూడా. కాబట్టి వెతకడం గోడ దగ్గర్నుంచే మొదలుపెట్టండి. ఇంకో మాట: మీ లెక్కలు హార్డ్ డిస్కులో ఉన్నాయి. ఎస్ఎంపీఎస్ (గోడ కరెంటుని కంప్యూటర్‌కి కావలసిన తక్కువ వోల్టుల్లోకి మార్చే డబ్బా) పోయినా, బోర్డు పోయినా మామూలుగా వాటికేమీ కాదు. ఎవరైనా ఫార్మాట్ కొట్టి చూద్దామంటే ఒప్పుకోకండి. పవరే రాకపోవడానికీ విండోస్‌కీ సంబంధం లేదు.

ముందు యూపీఎస్‌నీ, స్పైక్ బస్టర్‌నీ పక్కన పెట్టి, సీపీయూ కేబుల్‌ని నేరుగా గోడ సాకెట్లో పెట్టండి. ఆ సాకెట్లో కరెంటు ఉందో లేదో ఫోన్ ఛార్జర్‌తో ముందే చూసుకోండి. ఇళ్లలో వాడే చిన్న యూపీఎస్‌ల్లో 12 వోల్టుల 7 ఏహెచ్ బ్యాటరీ ఉంటుంది. రెండు మూడేళ్లకి అది నీరసిస్తుంది. బ్యాటరీ పూర్తిగా చచ్చిపోతే, గోడలో కరెంటున్నా ఆన్ కాని యూపీఎస్‌లు ఉన్నాయి. చాలా మానిటర్లకి వచ్చే కేబులూ సీపీయూ కేబులూ ఒకే రకం, మార్చి చూడండి. కేబినెట్ వెనక ఎస్ఎంపీఎస్ మీద చిన్న స్విచ్ ఉంటే అది నిలువు గీత వైపు నొక్కి ఉండాలి. సున్నా వైపు ఉంటే ఆఫ్.

తర్వాతది మీ విషయంలో పనిచేసే అవకాశం బాగా ఉంది. కేబుల్ పూర్తిగా ఊడదీసి, పవర్ బటన్‌ని 20 సెకన్లు నొక్కి పట్టుకోండి. పది నిమిషాలు ఆగి మళ్లీ పెట్టండి. వోల్టేజి ఎగిరెగిరి పడినప్పుడు ఎస్ఎంపీఎస్ తనను తాను కాపాడుకోవడానికి బిగుసుకుపోతుంది. లోపలి కెపాసిటర్లలో (కరెంటుని కాసేపు నిలవ ఉంచుకునే భాగాలు) మిగిలిన ఛార్జ్ దిగితేగానీ ఆ బిగువు విడదు.

అప్పటికీ లేవకపోతే పక్క మూత తీసి, కేబుల్ పెట్టి చూడండి. చాలా బోర్డుల మీద చిన్న ఎల్‌ఈడీ ఉంటుంది. అది వెలుగుతుంటే ఊదా రంగు వైరులో వచ్చే 5 వోల్టుల స్టాండ్‌బై కరెంటు (సిస్టమ్ ఆఫ్‌లో ఉన్నా అందేది) బోర్డుకి అందుతున్నట్టే. అప్పుడు అనుమానించాల్సింది బటన్‌ని. ముందు ప్యానెల్ నుంచి వచ్చే సన్న వైర్లలో "పవర్ ఎస్‌డబ్ల్యూ" అని రాసి ఉన్న కనెక్టర్ ఊడదీసి, దాని కింది రెండు పిన్నుల్నీ స్క్రూడ్రైవర్ మొనతో ఒక్క క్షణం కలపండి. అక్కడ షాక్ కొట్టేంత కరెంటు ఉండదు. పక్క పిన్నులకి మాత్రం తగలనివ్వకండి. సిస్టమ్ లేచిందంటే పోయింది బటనే. రీసెట్ బటన్ వైరుని తెచ్చి ఆ పిన్నులకి తగిలించండి, పైసా ఖర్చు లేకుండా రీసెట్టే పవర్ బటన్ అవుతుంది.

లేవకపోతే ఎస్ఎంపీఎస్ పరీక్ష. కేబుల్ తీసేసి, బోర్డులోంచి 24 పిన్‌ల పెద్ద కనెక్టర్‌ని, 12 వోల్టుల 4 లేదా 8 పిన్‌లదాన్ని, డిస్కు వైర్లని ఊడదీయండి. జెమ్ క్లిప్‌ని యూ ఆకారంలో వంచి, పెద్ద కనెక్టర్లో ఆకుపచ్చ వైరు గుంటకీ పక్కనే ఉన్న నల్ల వైరు గుంటకీ గుచ్చి, చెయ్యి తీసేశాకే కరెంటు ఇవ్వండి. ఎస్ఎంపీఎస్ ఫ్యాను తిరగాలి. కొన్నిటికి కాస్త లోడు లేనిదే కదలిక రాదు, పాత డీవీడీ డ్రైవ్ తగిలించి చూడండి. మీ లెక్కలున్న హార్డ్ డిస్కు మాత్రం వద్దు.

ఫ్యాను తిరిగినంత మాత్రాన బాగున్నట్టు కాదు. మల్టీమీటర్‌ని డీసీ 20 వోల్టుల మీద పెట్టి, నల్ల వైరుకి ఒక ముల్లు ఆనించి కొలవండి. పసుపు 11.4 నుంచి 12.6, ఎరుపు 4.75 నుంచి 5.25, నారింజ 3.14 నుంచి 3.47 మధ్య ఉండాలి. ఏ ఒక్కటి తప్పినా ఎస్ఎంపీఎస్ మార్చాల్సిందే. వైర్లన్నీ నల్లగా ఉండే మోడల్ అయితే గుడ్డిగా గుచ్చకండి, షాపులో టెస్టర్‌తో చూపించండి. దాని డబ్బా విప్పడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. లోపలి పెద్ద కెపాసిటర్లలో 325 వోల్టుల దాకా డీసీ నిలుస్తుంది, ప్లగ్ తీశాక కూడా కొంతసేపు ఉంటుంది.

ఇవన్నీ సరిగ్గా ఉండి కూడా సిస్టమ్ లేవకపోతే అప్పుడు బోర్డుని అనుమానించండి.

ప్రశ్న (కరీంనగర్ నుంచి ఒక పాఠకుడు): కేబినెట్ విప్పి దుమ్ము దులిపి, ఇంకో ర్యామ్ వేశాను. ఇప్పుడు బటన్ నొక్కితే ఫ్యాన్లు ఒక సెకను తిరిగి ఆగిపోతున్నాయి.

జవాబు: మీ ఎస్ఎంపీఎస్ బతికే ఉంది. ఎక్కడో షార్ట్ తగిలి, అది తనంతట తాను ఆగిపోతున్నట్టుంది. మీ చెయ్యి పడిన చోటే ముందు వెతకండి. కేబుల్ ఊడదీసి, కొత్త ర్యామ్ తీసేయండి. పాతదాని బంగారు రంగు అంచుని పెన్సిల్ రబ్బరుతో రుద్ది, పొట్టు దులిపి, రెండు చివర్లా టక్కుమనేదాకా నొక్కండి. జారిపడిన స్క్రూ బోర్డు కింద ఇరుక్కుందేమో కేబినెట్‌ని వంచి, చిన్నగా కదిపి వినండి. ముందున్న యూఎస్‌బీ సాకెట్లలో నాలుక వంగి, లోపలి పిన్నులు ఒకదానికొకటి తగులుతున్నా ఇలాగే అవుతుంది. దీన్ని చాలామంది చూడరు.

అప్పటికీ అంతే అయితే ప్రాసెసర్, దాని కూలర్, ఒక్క ర్యామ్ ఉంచి, గ్రాఫిక్స్ కార్డు, డిస్కులు, యూఎస్‌బీ వైర్లు అన్నీ విప్పేయండి. లేస్తే ఒక్కొక్కటే తగిలించుకుంటూ రండి, ప్రతిసారీ కేబుల్ తీసి మాత్రమే. దేనితో ఆగితే దోషం దానిలోనే. కూలర్ లేకుండా మాత్రం ఒక్క క్షణం కూడా ఆన్ చేయకండి.

ప్రశ్న (హైదరాబాద్ నుంచి ఒక పాఠకుడు): మా అబ్బాయి అమెరికా నుంచి వస్తూ పాత డెస్క్‌టాప్ తెచ్చాడు. ఇక్కడ ప్లగ్గులో పెట్టగానే "ఠాప్" మంది, కాలిన వాసన. ఇక పనికిరాదా?

జవాబు: వెనక ఎస్ఎంపీఎస్ మీద ఎర్రటి జరుపుడు స్విచ్ ఉందేమో చూడండి. దాని మీద 115 కనిపిస్తుంటే సంగతి తేలినట్టే. ఆ స్థానంలో అది వచ్చిన వోల్టేజిని లోపల రెట్టింపు చేస్తుంది. మన 230 వోల్టులు అందులోకి వెళ్తే కెపాసిటర్లు తట్టుకోలేవు. అమెరికాలో స్విచ్ 230 మీద పెట్టి ఉంటే సిస్టమ్ ఊరికే లేవకుండా ఉండేది, ఇక్కడ 115 మీద ఉంటే పేలుతుంది.

స్విచ్‌ని ఇప్పుడు జరిపి మళ్లీ పెట్టకండి. కొలతకి సరిపోయే కొత్త ఎస్ఎంపీఎస్ వేయించండి, బోర్డూ డిస్కూ చాలాసార్లు క్షేమంగానే బయటపడతాయి. లేబుల్ మీద 100-240 వోల్టులు అని ఉన్నది కొంటే ఈ స్విచ్ గొడవే ఉండదు. దానితోపాటు లేజర్ ప్రింటర్ కూడా తెచ్చి ఉంటే ప్లగ్గులో పెట్టే ముందు దాని లేబుల్ చదవండి. అక్కడ అమ్మేవాటిలో ఎక్కువ భాగం 110-127 వోల్టులకే పనిచేస్తాయి.