మా అమ్మాయి ఉద్యోగాలకు ఫ్రీ మెయిల్ సరిపోతుందా, డబ్బు కట్టి తీసుకోవాలా?

ప్రశ్న: మాది గుంటూరు. మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమాస్తాగా చేస్తున్నాను. మా అమ్మాయి బీటెక్ ఫైనలియర్. ఎంసెట్ అప్లికేషన్ పెట్టేటప్పుడు ఇంటర్నెట్ సెంటర్ కుర్రాడు క్రియేట్ చేసి ఇచ్చిన జీమెయిలే ఇప్పటికీ వాడుతోంది. ఫోన్లో ఓపెన్ అవుతుంది గానీ పాస్‌వర్డ్ మాకు తెలియదు. మొన్న ఒక కంపెనీ ఆన్‌లైన్ టెస్టు లింకు ఆ మెయిల్‌కే పంపిందట. పిల్ల చూసుకోలేదు, గడువు దాటిపోయింది. ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది. మా బావమరిది "ఫ్రీ మెయిళ్లు ఇంతే, ఏడాదికి కొంత కట్టి సొంత మెయిల్ తీసుకుంటే కంపెనీలవాళ్లు గౌరవిస్తారు" అంటున్నాడు. కట్టమంటే కడతాను. ఏం చేయమంటారు?

జవాబు: నమస్కారమండీ. ముందు మీ బావమరిది గారి మాటకి జవాబు చెప్పేస్తాను. డబ్బు కట్టొద్దు. కొత్తగా ఉద్యోగానికి వచ్చే పిల్లల రెజ్యూమె చూసేవాళ్లు మెయిల్ ఫ్రీదా, కొన్నదా అని చూడరు. పేరు పద్ధతిగా ఉందా, రాస్తే చేరుతుందా అన్నదే చూస్తారు. మీరు కంగారు పడాల్సింది వేరే విషయానికి. పాస్‌వర్డ్ తెలియని మెయిల్, రికవరీ నంబరు (పాస్‌వర్డ్ మర్చిపోతే కోడ్ వచ్చే ఫోన్ నంబరు) ఎవరిదో తెలియని మెయిల్ పేరుకే మీ అమ్మాయిది. పరాయివాళ్ల అరుగు మీద పెట్టె పెట్టుకుని, అందులో సర్టిఫికెట్లు దాచుకున్నట్టుంది మీ పరిస్థితి.

ఎంసెట్ రోజుల్లో (ఇప్పుడు ఈఏపీసెట్ అంటున్నారు గానీ ఇళ్లలో ఇంకా ఎంసెట్టే) బ్రాడీపేటలోనైనా, ఇక్కడ విజయవాడ ఏలూరు రోడ్డులోనైనా ఇంటర్నెట్ సెంటర్లలో ఏం జరుగుతుందో నేను నిలబడి చూశాను. కుర్రాడి పక్కన ఒక పొడుగు నోటుపుస్తకం ఉంటుంది. వెనక ఇరవై మంది లైన్లో ఉంటారు. పిల్ల పేరు, పక్కన పుట్టిన సంవత్సరం కొడితే ఐడీ అయిపోయింది. పాస్‌వర్డ్ అందరికీ ఒకే తరహా, పేరూ ఒకటీ రెండూ మూడూ. రికవరీ నంబరు అడిగితే లైను కదలాలి కాబట్టి తన నంబరే కొట్టేస్తాడు. అతన్ని తప్పు పట్టను, ఆ రోజు మనకి సాయమే చేశాడు. తర్వాత నాలుగేళ్లు మనమే దాన్ని మార్చుకోలేదు.

తెనాలి వైపు నుంచి ఒక అబ్బాయి నా దగ్గరికి వచ్చాడు. ఫోన్ పోగొట్టుకుని కొత్తది కొన్నాడు, మెయిల్ తెరుచుకోవడం లేదు. ఇంటర్వ్యూ కాల్ లెటరు అందులోనే ఉంది. కోడ్ పంపుతామంటూ స్క్రీన్ మీద కనిపించిన నంబరులో చివరి రెండు అంకెలు వాళ్లింట్లో ఎవరి నంబరుకీ కలవలేదు. పాత అప్లికేషన్ కాగితం వెతికితే దాని వెనక ఇంటర్నెట్ సెంటర్ నంబరు రాసి ఉంది. ఫోన్ చేశాం. సెంటర్ ఎప్పుడో ఎత్తేశారు. ఎవరో పెద్దావిడ ఎత్తి, "బాబూ, ఈ సిమ్ కొన్నప్పటి నుంచి మాకు ఇలాంటి నంబర్లు వస్తూనే ఉన్నాయి, దేనికో తెలియక తీసేస్తున్నాం" అన్నారు. అబ్బాయి పరిస్థితంతా చెబితే కోడ్ చదివి వినిపించారు. అంటే ఆ అబ్బాయి మెయిల్ తాళంచెవి ఆవిడ కొంగున ఉంది, ఆవిడకే తెలియకుండా! ఆవిడ మంచివారు కాబట్టి సరిపోయింది. రీఛార్జ్ లేక ఆగిపోయిన నంబరుని 90 రోజులు దాటాక ఇంకొకరికి ఇచ్చేయవచ్చు. అందుకే ముందు మీ ఇంట్లో ఈ పని చక్కబెట్టమంటున్నాను.

ఇప్పుడు మెయిల్ తెరుచుకుంటున్న ఫోన్‌ని ఫార్మాట్ చేయొద్దు, ఎవరికీ ఇవ్వొద్దు, అందులోంచి మెయిల్ సైన్ అవుట్ అవ్వొద్దు. రోజూ వాడే ఫోన్లోంచి, రోజూ ఉండే చోటు నుంచి ప్రయత్నిస్తే గూగుల్ నమ్మే అవకాశం ఎక్కువ. కాబట్టి పని ఇంట్లోనే కూర్చుని చేయండి. "పాస్‌వర్డ్ మర్చిపోయాను" నొక్కి కొత్తది పెట్టాలి. వెంటనే రికవరీ ఫోన్‌గా అమ్మాయి నంబరు, రికవరీ మెయిల్‌గా మీది లేదా వాళ్ల అమ్మగారిది ఇవ్వాలి. రికవరీ నంబరు మార్చాక కూడా ఒక వారం రోజులు పాత నంబరుకి కోడ్ పంపే వీలు గూగుల్ ఉంచవచ్చు. కాబట్టి ఆ వారం కాస్త కనిపెట్టుకుని ఉండండి. ఖాతా ఏయే ఫోన్లలో, కంప్యూటర్లలో తెరిచి ఉందో సెక్యూరిటీ పేజీలో కనిపిస్తుంది, తెలియనివన్నీ తీసేయాలి. తర్వాత టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టాలి, అంటే పాస్‌వర్డ్ కొట్టాక ఇది మీరేనా అని ఇంకోసారి అడిగే ఏర్పాటు. అక్కడ బ్యాకప్ కోడ్‌లు పది ఇస్తారు, ఒక్కోటీ ఒక్కసారికే పనికొస్తుంది. వాటిని కాగితం మీద రాసి టెన్త్ మెమో ఉన్న ఫైల్లో పెట్టండి. ఫోన్ పోయిన రోజు ఆ కాగితమే దిక్కు.

ఇక ఫ్రీ మెయిల్ మంచి చెడ్డలు. అది పనికిరానిదేమీ కాదండీ, మీ అమ్మాయిలాంటి పిల్లలకి పెద్ద ఆసరా. 1996లో మన సబీర్ భాటియా, జాక్ స్మిత్ కలిసి హాట్‌మెయిల్ మొదలుపెట్టారు. అప్పటిదాకా మెయిల్ అంటే ఎక్కువమందికి ఆఫీసో, ఇంటర్నెట్ కనెక్షన్ ఇచ్చిన కంపెనీయో ఇవ్వాల్సిందే. అది వదిలేస్తే మెయిల్ కూడా పోయేది. ఏ ఊళ్లో ఏ కంప్యూటర్ ముందు కూర్చున్నా తెరుచుకునే మెయిల్ పైసా ఖర్చు లేకుండా వచ్చిందంటే అప్పటికి చాలా గొప్ప. 2004 ఏప్రిల్ 1న జీమెయిల్ 1 జీబీ ఇస్తామంటే ఆ తేదీ చూసి ఏప్రిల్ ఫూల్ అనుకున్నవాళ్లున్నారు. అప్పుడు హాట్‌మెయిల్ ఇచ్చేది 2 ఎంబీ మరి! ఇంకో మేలు, స్పామ్‌ని, మోసపు మెయిళ్లని ఏరివేయడంలో ఈ పెద్ద సర్వీసులు బాగా ముందున్నాయి. చిన్న కంపెనీ దగ్గర డబ్బు కట్టి తీసుకున్నా అంత కాపలా దొరక్కపోవచ్చు.

నష్టాలూ ఉన్నాయి. అన్నిటికంటే పెద్దది, ఇబ్బంది వస్తే ఫోనెత్తి మాట్లాడే మనిషి ఉండడు. బ్యాంకైతే బ్రాంచికి వెళ్లి అడుగుతాం, ఇక్కడ కిటికీయే లేదు. ఖాతా మీదేనని మెషీన్‌ని ఒప్పించాలి. గూగుల్ కస్టమర్ కేర్ అని నెట్‌లో వెతికితే దొరికే నంబర్లకి మాత్రం పొరపాటున కూడా చేయకండి, మోసగాళ్లు కాచుకుని ఉండేది అక్కడే. రెండోది, స్థలం. 15 జీబీ అంటారు గానీ అది మెయిల్‌కి ఒక్కదానికే కాదు, గూగుల్ ఫోటోలు, డ్రైవ్, ఆండ్రాయిడ్ ఫోన్లో వాట్సాప్ బ్యాకప్ అన్నీ అందులోంచే. అక్క పెళ్లి వీడియోలతో అది నిండిపోతే కొత్త మెయిళ్లు రావు, పంపినవాళ్లకే తిరిగి వెళ్లిపోతాయి. మీ అమ్మాయి ఖాతాలో ఎంత నిండిందో ఈ రోజే చూడమనండి. టెస్టు లింకు విషయంలో నాకు మొదటి అనుమానం దీని మీద, రెండోది స్పామ్ ఫోల్డర్ మీద. స్పామ్‌లో పడింది 30 రోజుల తర్వాత దానంతట అదే పోతుంది. పైగా జీమెయిల్లో మామూలుగా వెతికితే స్పామ్, ట్రాష్ చూపించదు. పిల్లలు సెర్చ్ చేసి "రాలేదు సార్" అంటారు. ఫోల్డర్ తెరిచి కళ్లతో చూడాలి.

మూడోది, వాడకుండా వదిలేస్తే పోతుంది. రెండేళ్లు ముట్టని ఖాతాలని తీసేసే పద్ధతి గూగుల్ 2023లో తెచ్చింది. ఇక ప్రకటనల కోసం మన మెయిళ్లు చదువుతారన్న భయం చాలామంది చెబుతారు. ప్రకటనలు మనకి తగ్గట్టు చూపించడానికి మెయిళ్లలోని విషయం వాడటం ఆపేస్తున్నామని గూగుల్ 2017లో ప్రకటించింది. ప్రకటనలు మాత్రం ఇంకా కనిపిస్తాయి. నాకు దాని గురించి అంత బెంగ లేదు. ఒకే పాస్‌వర్డ్ అన్నిచోట్లా పెట్టడం గురించే నా బెంగ. 2013లో యాహూలో జరిగిన చోరీలో 300 కోట్ల ఖాతాల వివరాలు బయటపడ్డాయి. ఒక చోట పోయిన పాస్‌వర్డ్‌ని దొంగలు పది చోట్ల పెట్టి చూస్తారు. మెయిల్‌కి పెట్టిన పాస్‌వర్డ్ షాపింగ్ యాప్‌కి పెట్టకూడదు, అంతే.

డబ్బు కట్టే మెయిల్ అంటే సొంత డొమైన్ పేరుతో, అంటే ఎట్ గుర్తు తర్వాత మనం కొనుక్కున్న పేరుతో వచ్చేది. రేపు మీ అమ్మాయి సొంతంగా వెబ్‌సైట్లు చేసిచ్చే పని పెట్టుకుంటేనో, మీరే మిర్చి ఎగుమతి మొదలుపెడితేనో అప్పుడు తీసుకోండి, నేనే చెబుతాను. బయటి ఊరి బేరగాడికి సంస్థ పేరుతో మెయిల్ వెళ్తే నమ్మకం వేరు. చెన్నై వాళ్ల జోహో లాంటివి ఇందుకు బాగా పనికొస్తాయి. ఉద్యోగం వెతుక్కునే పిల్లకి అది భారం. ఏటా రెన్యువల్ ఉంటుంది. ఒక ఏడాది మర్చిపోతే ఆ పేరు ఇంకెవరైనా కొనుక్కోవచ్చు, అప్పుడు మీ అమ్మాయికి రాసిన మెయిళ్లు వాళ్లకి చేరతాయి.

ఇందాకటి మాటల్లో కాలేజీ మెయిల్ సంగతి వదిలేశాను. చాలా కాలేజీలు పిల్లలకి తమ పేరుతో మెయిల్ ఇస్తున్నాయి. ప్లేస్‌మెంట్ సెల్ అడిగిన చోట అది ఇవ్వొచ్చు గానీ, బ్యాంకులకి, ఏపీపీఎస్సీకి, ఉద్యోగాల సైట్లకి అది ఇవ్వకూడదు. చదువైపోయాక కాలేజీ దాన్ని ఎప్పుడు ఆపినా అడగడానికి లేదు. పైగా గూగుల్ 2022 నుంచి కాలేజీలకి అపరిమిత స్థలం ఇవ్వడం మానేసింది, అందుకని పాత విద్యార్థుల ఖాతాలు తీసేయడం ఎక్కువైంది.

కాబట్టి కొత్త ఐడీ ఒకటి ఫ్రీగానే తెరవమనండి. టెన్త్ మెమోలో ఉన్న పేరు, ఇంటిపేరు కలిపి. పుట్టిన సంవత్సరం వద్దు, ముద్దుపేర్లు వద్దు. ఫోన్లో అవతలివాళ్లకి ఒక్కసారి చెబితే తప్పు లేకుండా రాసుకునేలా ఉండాలి. సున్నా, ఓ అక్షరం పక్కపక్కన వస్తే ఎవరైనా తికమక పడతారు. పాతదాన్ని మాత్రం మూసేయొద్దు. కొన్ని కంపెనీల పోర్టళ్లలో ఒకసారి ఇచ్చిన మెయిల్ మార్చడం కష్టం, అవన్నీ పాత ఐడీకే వస్తాయి. పాతదానికి వచ్చేవి కొత్తదానికి చేరేలా ఫార్వర్డింగ్ పెట్టుకోవచ్చు. వారానికోసారి పాతది కూడా తెరిచి చూస్తే మంచిది.

ఫ్రీ మెయిల్ ఎవరైనా తెరవొచ్చు కదండీ, మోసగాళ్లు కూడా తెరుస్తారు. పెద్ద కంపెనీ పేరు, లోగో పెట్టి ఆఫర్ లెటర్ వస్తుంది, ట్రైనింగ్ డిపాజిట్ కట్టమంటారు. పైన కనిపించే పేరు ఎవరైనా ఏదైనా పెట్టుకోవచ్చు. దాన్ని నొక్కి, ఎట్ గుర్తు తర్వాత ఏముందో చూడాలి. పెద్ద కంపెనీ ఆఫర్ లెటర్ జీమెయిల్ నుంచి వచ్చిందంటే అక్కడే ఆగిపోండి. ఉద్యోగానికి డబ్బు అడిగితే ఏ మెయిల్ నుంచి అడిగినా మోసమే అనుకోండి. పొరపాటున కడితే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

తప్పిపోయిన టెస్టు మీద ఆశ పూర్తిగా వదులుకోవద్దు. అమ్మాయిని తిట్టకండి, ఈపాటికే ఆమె చాలా బాధపడి ఉంటుంది. లింకు పంపిన కంపెనీ ఐడీకే, కాలేజీ ప్లేస్‌మెంట్ ఆఫీసర్‌ని కాపీలో పెట్టి, నాలుగు వాక్యాలు రాయమనండి. పేరు, రిజిస్ట్రేషన్ నంబరు, మెయిల్ సమస్య వల్ల లింకు సమయానికి చూడలేకపోయాను, ఇంకో స్లాట్ ఉంటే అవకాశం ఇవ్వగలరా అని. సాకులు వద్దు, పెద్ద కథ వద్దు. కొన్ని కంపెనీలు మిగిలిన స్లాట్లలో సర్దుతాయి, కొన్ని జవాబే ఇవ్వవు. ఆ మెయిల్ పాత ఐడీ నుంచే వెళ్లాలి, కంపెనీ దగ్గర ఉన్నది అదే. కింద కొత్త ఐడీ, ఫోన్ నంబరు రాయమనండి. రేపు పొద్దున్నే, కాలేజీకి బయల్దేరే ముందే పంపేస్తే మేలు.