నేలపట్టులో ఎగిరే గూడబాతుల్ని తీయాలంటే

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

కొత్త లెన్సు కొన్నావనీ, సంక్రాంతి సెలవుల్లో నేలపట్టు పక్షుల అభయారణ్యానికి వెళ్తున్నావనీ మీ అమ్మ చెప్పింది. కెమెరా కంటే ముందు గాలి సంగతి తెలుసుకో.

గూడబాతు (పెలికాన్) బరువైన పక్షి. లేచినా దిగినా గాలికి ఎదురుగానే. అందుకే గాలి నీ వీపుకి తగిలేలా నిలబడితే దాని ముఖం దొరుకుతుంది, గాలి నీ ముఖాన కొడుతుంటే తోకే మిగులుతుంది. ఎండ కూడా వెనక నుంచే రావాలి. పొద్దున ఈశాన్యం గాలి వీచే రోజున ఎండా గాలీ దాదాపు ఒకే వైపు నుంచి వస్తాయి, ఆ రోజు అస్సలు వదులుకోకు. సాయంత్రం సముద్రపు గాలి తూర్పు నుంచి, ఎండ పడమర నుంచి. అప్పుడు ఎదురుగా వచ్చే పక్షి కోసం కాచుకోకుండా పక్కగా సాగే పక్షిని తియ్యి. గాలి ఎటో గడ్డి వంగడాన్ని బట్టి తెలిసిపోతుంది.

ఎండ నిలకడగా ఉంటే వెలుగు కొలతలు నువ్వే పెట్టుకునే మాన్యువల్ మోడే వాడు. ఎగిరే గూడబాతు వెనక ఒక క్షణం తెల్లటి ఆకాశం, మరుక్షణం చెరువులోని నల్లటి కడప చెట్లు. పక్షి మీద పడే వెలుగు మాత్రం మారదు. ఆటోకి వదిలేస్తే ఆకాశం ముందు పక్షి నల్లబడుతుంది, చెట్ల ముందు రెక్కలు తెల్లగా పాలిపోయి ఈకల గీతలు పోతాయి. షట్టర్ 1/1600 సెకను, అపర్చర్ (లెన్సు రంధ్రం) ఎఫ్ 6.3 పెట్టు. ఎండలో ఉన్న పక్షిని ఒకసారి తీసి, కెమెరా తెరమీద తెల్లటి భాగాలు మెరిసి హెచ్చరిస్తే ఐఎస్‌ఓ (కెమెరా వెలుగును పట్టే సున్నితత్వం) తగ్గించు. పులికాట్‌లో వేగంగా ఎగిరే చిన్న టెర్న్ పక్షులకైతే షట్టర్ 1/3200 కావాలి.

ఫోకస్ విషయంలో కొత్తవాళ్లు చేసే తప్పు ఒకటే, పక్షి దగ్గరికొచ్చాక మొదలుపెట్టడం. జూమ్ 600 మి.మీ. దగ్గర పెట్టి వెతికితే ఖాళీ ఆకాశమే కనిపిస్తుంది. జూమ్ 300లో ఉంచి, పక్షి దూరాన చిన్నగా ఉన్నప్పుడే, కదిలేదాన్ని వదలకుండా పట్టే కంటిన్యువస్ ఫోకస్‌తో పట్టుకుని, వెంట నడిపిస్తూ జూమ్ పెంచు. ఫోకస్ చెట్ల మీదికి జారితే ఫోకస్ బటన్ వదిలి మళ్లీ నొక్కు. పాదాలు పక్షి చివరికి చేరే దిక్కుకి పెట్టి, నడుము మాత్రం అది వచ్చే వైపు తిప్పి మొదలుపెడితే మధ్యలో ఒళ్లు బిగుసుకోదు.

వరసగా నొక్కుతూ పోకు, ఫొటోలు తాత్కాలికంగా దాచుకునే బఫర్ నిండి అసలు ఘట్టంలో కెమెరా ఆగిపోతుంది. గూడబాతు గూటిమీద దిగే ముందు కాళ్లు ముందుకు చాచి రెక్కలు పూర్తిగా విప్పుతుంది. ఆ ఐదారు ఫ్రేములు చాలు. ఎండ ముదిరాక దూరపు ఫొటోలన్నీ వేడి గాలికి అలికినట్టే వస్తాయి, ఏ లెన్సూ కాపాడదు.

గూటిలోని పక్షి మెడ నిక్కించి నీవైపే చూస్తుంటే వెంటనే వెనక్కి జరుగు. తల్లి లేస్తే గుడ్లు కాకుల పాలవుతాయి. ఎగిరే ఫొటో కోసం చప్పట్లు కొట్టేవాళ్లుంటారు, వాళ్లతో కలవకు.

ఆశీస్సులతో,
మామయ్య