ఎలక్ట్రోఎన్సెఫలోగ్రామ్: ఎక్కడ నొక్కాలి?

ప్రశ్న: మా అమ్మాయి పారామెడికల్ డిప్లొమా చదువుతోంది. ‘ఎలక్ట్రోఎన్సెఫలోగ్రామ్’ అన్న మాట వైవాలో సగం పలికి ఆగిపోతోంది. ఇందులో ఎన్ని సిలబుల్స్? ఎక్కడ నొక్కి పలకాలి? విడదీసి చెప్పండి మాస్టారూ.
– ఒక పాఠకురాలు, ఏలూరు

జవాబు: మెదడు విద్యుత్తును గీతలుగా చూపే పరీక్ష పేరు ఇది. సిలబుల్స్ ఎనిమిదమ్మా. ఇ-లెక్-ట్రో-ఎన్-సెఫ్-అ-లొ-గ్రామ్. గట్టిగా నొక్కాల్సింది అయిదోది, ‘సెఫ్’. ‘లెక్’ మీద కొంచెం బరువు చాలు. ‘సెఫ్’ తర్వాతి రెండూ తేలిపోవాలి. మనవాళ్లు తడబడేది అక్కడే. తెలుగులో ప్రతి అచ్చునీ నిండుగా పలుకుతాం కదా, ఆ అలవాటుతో ‘సెఫాలో’ అని సాగదీస్తారు. ఛందస్సులోని గురువునీ ఈ ఊనికనీ, అంటే నొక్కి పలకడాన్నీ, ఒకటనుకోవద్దు. గురువుకి కాలం కొలత, ఊనికకి గొంతు బరువు కొలత.

ఇంకో చిక్కు ‘ట్రో’ పక్కన ‘ఎన్’ రావడం. రెండు అచ్చులు పక్కపక్కన పడితే మన నాలుక ఊరుకోదు, సంధి చేసేస్తుంది. దాంతో ‘ఎలక్ట్రాన్‌సెఫలో’ అయి కూర్చుంటుంది. ఈ పరీక్షకు ఆద్యుడైన జర్మన్ వైద్యుడు హాన్స్ బెర్గర్ కూడా అక్కడ ‘ఒ’ను లోపింపజేశారు. యేనా నగరంలో 1924లో మనిషి మెదడు విద్యుత్తును తొలిసారి గీతలుగా పట్టిన ఆయన, 1929 నాటి వ్యాసంలో ‘ఎలెక్‌ట్రెన్‌కెఫలోగ్రామ్’ అని రాశారు. ఇంగ్లీషు ఆ ‘ఒ’ను నిలబెట్టింది కాబట్టి రెండచ్చులూ వినపడాల్సిందే. బెర్గర్ మాటలోని ‘కె’ను గమనించారా? గ్రీకు మూలంలో ఉన్నది కకారమే. బ్రిటన్ డాక్టర్లలో ‘ఎన్‌కెఫలో’ అనేవాళ్లూ ఉన్నారు, అదీ తప్పు కాదు.

ముక్కలన్నీ గ్రీకువే. ‘ఎలెక్ట్రాన్’ అంటే అంబర్, చెట్టు జిగురు గట్టిపడి రాయిలా మారినది. రుద్దితే గడ్డిపోచల్ని లాగుతుంది, కరెంటుకి ఆ పేరు అందుకే వచ్చింది. ‘ఎన్’ లోపల, ‘కెఫలే’ తల. తల లోపలిది మెదడు. ‘గ్రామ్’ గీసినది.

చివర ‘గ్రఫీ’ తగిలిస్తే తొమ్మిది సిలబుల్స్ అవుతాయి, ఊనిక కూడా జరుగుతుంది: ఇ-లెక్-ట్రో-ఎన్-సెఫ్-అ-లాగ్-ర-ఫీ. ఇప్పుడు నొక్కాల్సింది ‘లాగ్’. ‘గ్రఫీ’లోని గకారం ముందు సిలబుల్‌కి వెళ్లిపోయింది చూడండి. అర్థం విడిపోయే చోటు ఒకటి, పలుకు విరిగే చోటు ఇంకొకటి. పిల్లలకి ఈ తేడా ఎవరూ చెప్పకపోవడమే నా బాధ. ‘గ్రఫీ’, ‘లజీ’లతో ముగిసే మాటల్లో ఊనిక చివరి నుంచి మూడో సిలబుల్ మీద పడుతుంది. ఫొటోగ్రాఫ్‌లో ‘ఫో’ మీదున్నది ఫొటోగ్రఫీలో ‘టా’ మీదికి వచ్చేది ఇందుకే.

అమ్మాయిని చివరి నుంచి కట్టుకుంటూ రమ్మనండి. ముందు ‘గ్రామ్’, తర్వాత ‘సెఫలొగ్రామ్’, ఆ పైన ‘ఎన్సెఫలొగ్రామ్’. అది నోట్లో నలిగాకే ‘ఇలెక్ట్రో’ చేర్చాలి. మొదటి నుంచి ఎత్తుకుంటే అసలు నొక్కాల్సిన చోటికి వచ్చేసరికి ఊపిరి అయిపోతుంది. అలాగే గ్రామ్ అంటే పడ్డ గీతలు, గ్రాఫ్ అంటే యంత్రం, గ్రఫీ అంటే పద్ధతి అని కూడా చెప్పి పంపండి. వైవాలో నేనుంటే ముందు అడిగేది అదే.