ఈనిన గేదె దగ్గుతోంది, క్షయ పరీక్షలో ఏమీ లేదన్నారు: పాలు వాడొచ్చా?

మీ ప్రశ్న సారాంశం: అమలాపురం దగ్గర మకాంలో ముర్రా గేదె, ఈని మూడు వారాలు. దగ్గుతూ చిక్కిపోతోంది. మెడ మీద సూది వేసి చూసి క్షయ లేదన్నారు. ఇంట్లో రెండేళ్ల పాప ఉంది.

ఆ ‘లేదు’ను ఇప్పుడే నమ్మకండి. క్షయ ఉంటే సూది వేసిన చోట చర్మం వాస్తుంది, దాన్ని బట్టే చెప్తారు. కానీ ఈనిన నాలుగు నుంచి ఆరు వారాల వరకు, జబ్బున్నా చర్మం వాచకపోవచ్చు. జబ్బు మరీ ముదిరిన పశువులోనూ అంతే. పైగా కాలవగట్ల మీద మేసే గేదెలకు కార్జపు జలగ (కాలేయంలో చేరే పురుగు) మామూలే, అదీ వాపును తగ్గించగలదు. దవడ కింద నీరు దిగి, పల్చగా పారుకుంటుంటే ముందు పేడ పరీక్ష చేయించండి. చిక్కిపోవడానికి జలగ ఒక్కటే కారణమైనా కావచ్చు, రెండూ కలిసి ఉన్నా ఉండొచ్చు.

మళ్లీ పరీక్షకు మొదటి సూది నుంచి కనీసం 42 రోజులు ఆగాలి. తొందరపడితే ఆ మొదటి మందు ప్రభావానికే చర్మం మొద్దుబారి ఉంటుంది. మెడ మధ్యలో వెంట్రుకలు గొరిగి, చర్మం మడత మందం కాలిపర్ అనే కొలత పరికరంతో కొలిచి, 0.1 మి.లీ. ట్యూబర్క్యులిన్ (క్షయ క్రిమి నుంచి తీసిన పరీక్ష మందు) చర్మం పొరల్లోనే వేయాలి. వేలితో తడిమితే బఠాణీ గింజంత బుడిపె తగలాలి. తగల్లేదంటే మందు చర్మం కిందికి జారిపోయినట్టే. గేదె తోలు మందం కాబట్టి ఎక్కువగా చెడేది ఇక్కడే. సరిగ్గా 72 గంటలకు, వీలైతే అదే మనిషి మళ్లీ కొలవాలి. 4 మి.మీ. లేదా అంతకు మించి పెరిగితే ఉన్నట్టు, 2 మి.మీ. లోపైతే లేనట్టు, మధ్యలో ఉంటే అనుమానం. చేత్తో తడిమి చెప్పే ఫలితానికి విలువ లేదు. నాటుకోళ్లు పాకలోనే తిరుగుతుంటే పక్షి ట్యూబర్క్యులిన్ కూడా పక్కనే వేసి పోల్చమని అడగండి, పక్షుల క్షయ క్రిమి వల్లా వాపు రావచ్చు.

ఈలోగా గుమ్మపాలు ఎవరూ తాగొద్దు. 72 డిగ్రీల వేడి 15 సెకన్లు తగిలితే ఈ క్రిమి చస్తుంది, కాబట్టి కాచిన పాలతో భయం లేదు. పొంగు రాగానే దించేయకుండా, గరిటెతో కలుపుతూ రెండు మూడు నిమిషాలు మరగనివ్వండి. తోడు పెట్టేదీ ఆ పాలనే. దూడకూ కాచి చల్లార్చినవే పట్టండి. పొదుగు వెనుక భాగం నొప్పి లేకుండా గట్టిపడితే ఆ పాలు కాచినా వాడొద్దు, కేంద్రానికీ పోయొద్దు. ఒక్క గేదె పాలు క్యాను మొత్తాన్ని చెడగొడతాయి.

పాలకంటే పాకలోనే నాకు భయం ఎక్కువ. దగ్గు తుంపర్లతో పక్క పశువుకూ, పాలు పితికే మనిషికీ అంటుతుంది. గేదెను గాలి ఆడే చోట విడిగా కట్టండి, కుడితి తొట్టి వేరు చేయండి, దాని పని చివర్న చేసుకోండి. తడి పేడలో, నీడలో క్రిమి నెలల తరబడి బతుకుతుంది, ఎండకు త్వరగా చస్తుంది. పేడ తీసి కడిగాకే 5 శాతం ఫినాల్ ద్రావణం చల్లాలి. పేడ మీద చల్లితే దండగ.

అడవి జంతువుల గురించి కూడా అడిగారు. బ్రిటన్‌లో బ్యాడ్జర్లు, న్యూజిలాండ్‌లో పోసమ్‌లు క్షయను మందల్లోకి తిరిగి తెస్తుంటాయి. మీ మకాంకు మాత్రం ముందు చూడాల్సింది సంతలో కొన్న పశువునూ, ఇంట్లో దగ్గే మనిషినీ. మనుషుల క్షయ గేదెకూ అంటుతుంది.

గేదెకు మనుషుల క్షయ మాత్రలు వేయకండి. నెలల తరబడి వాడినా పూర్తిగా పోదు, మందు పాలలోకి దిగుతుంది, లొంగని క్రిమి తయారవుతుంది. 1962కు ఫోన్ చేసి పశువైద్యుణ్ణి పిలిపించండి. పాపకు మెడలో గడ్డల్లా బిళ్లలు కట్టినా, ఇంట్లో ఎవరికైనా రెండు వారాలు దాటి దగ్గున్నా, పచ్చిపాల సంగతీ గేదె సంగతీ డాక్టరుకు చెప్పండి. పశువుల క్షయ క్రిమి సాధారణంగా పైరజినమైడ్ అనే క్షయ మందుకు లొంగదు. మనుషుల్లో క్షయను పట్టే సీబీనాట్ పరీక్షేమో ఆ క్రిమి పశువులదా మనుషులదా అని వేరు చేసి చెప్పదు.